బొచ్చెలు, కొర్రమట్టలు బతికి మీ కుంట చేరాలంటే

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పొలంలో ఇరవై గుంటల మేర మట్టి కుంట తవ్వించాను. వాన నీళ్లకు తోడు బోరు నీళ్లు వదులుతాం. అమ్ముకోవడానికి కాదు, నాకూ మా అన్న పిల్లలకూ గాలం పిచ్చి. చేపపిల్లలు వేసి అవి గాలానికి పడేంత పెరిగేదాకా ఆగే ఓపిక లేక, మిర్యాలగూడ వైపు తెలిసినాయన చేపల చెరువులో కిలో, కిలోన్నర తూగే బొచ్చెలు, రవ్వలు ముప్పై కొన్నాం. నాలుగు కొర్రమట్టలు కూడా తీసుకున్నాం. అర్ధరాత్రి వల లాగించి, టాటా ఏస్‌లో మూడు డ్రమ్ములు పెట్టి, ఒక్కోదాంట్లో బ్యాటరీ ఎయిరేటర్ వేసి రెండింటికి బయలుదేరాం. కొర్రమట్టలు ఎగిరి దూకుతాయని వాటిని వేరే డబ్బాలో వేసి, మూతి దాకా నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించాం. హాలియాలో టీకి ఆగి, ఐదు గంటలకల్లా తెచ్చి కుంటలో వదిలాం. దారిలో బొచ్చెలు రెండే పోయాయి. కానీ కొర్రమట్టలు నాలుగూ డబ్బాలోనే చచ్చి ఉన్నాయి. అంత గట్టి ప్రాణం కదా, ఎందుకు పోయాయి? వదిలిన చేపల్లో కూడా మూడు రోజుల్లో ఇరవై దాకా తేలాయి. ఈసారి బొలెరో మాట్లాడి, ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని అరవై చేపలు తేవాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? సాగర్‌లో మహసీర్ దొరికితే తెచ్చి వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: సిలిండర్ తెచ్చుకోండి, మంచిదే. కానీ మీ ఉత్తరం చదివితే మీ చేపల్ని చంపింది దారి కాదని తెలుస్తోంది. వల లాగినప్పటి గంట, కుంటలో వదిలినప్పటి గంట, ఈ రెండే చంపాయి. దారిలో రెండే పోయాయని మీరే రాశారు కదా. ఆ రెండు గంటల పద్ధతి మార్చకుండా సిలిండర్ ఒక్కటే పెడితే, ఈసారి దారిలో ఒక్కటీ పోదు, నాలుగో రోజుకు నలభై తేలుతాయి.

ముందు కొర్రమట్టల సంగతి చెబుతాను. అవి నీళ్లలో మునిగి చచ్చాయి. చేప నీళ్లలో మునగడమేంటని నవ్వొస్తుందేమో గానీ జరిగింది అదే. కొర్రమట్టకు మొప్పలు ఒక్కటే చాలవు. తల లోపల మొప్పల పైన గాలి పట్టుకునే చిన్న అర ఉంటుంది. కాసేపటికోసారి పైకి వచ్చి నోటితో గాలి మింగి దాన్ని నింపుకుంటేనే దానికి ఊపిరి. అందుకే సంతలో అడుగు లోతు కూడా లేని తొట్టిలో పొద్దంతా బతికే ఉంటుంది, బురదలో కూడా రోజులు నెట్టుకొస్తుంది. ఆ గట్టి ప్రాణం గాలి వల్లే. మీరేమో మూతి దాకా నింపి మూత బిగించారు. పైకి వచ్చిన ప్రతిసారీ దాని మూతికి మూతే తగిలింది. ఆ డబ్బాలో ఎయిరేటర్ పెట్టినా పెద్దగా లాభం ఉండేది కాదు.

ఈసారి కొర్రమట్టలకు డబ్బాలో మూడో వంతు నీళ్లే పోయండి, చేప వీపు మునిగి పైన ఇంకో జానెడు ఉంటే చాలు. మిగతాదంతా గాలి. మూతకు వేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు పెట్టి, తాడుతో కట్టండి. కట్టకపోతే ఎగిరి రోడ్డు మీద పడతాయి, అందులో మీ భయం నిజమే. డబ్బాలో కాస్త గుర్రపుడెక్క వేస్తే నీడకు అణిగి ఉంటాయి. అన్నీ ఒకే సైజువి చూసి తీసుకోండి, పెద్దది చిన్నదాన్ని మింగడానికి చూస్తుంది. బొచ్చెలతో కలిపి ఒకే ట్యాంకులో మాత్రం వేయొద్దు.

ఇక వల. చేపలకు ముందు రోజు మేత వేశారా అన్నది మీరు రాయలేదు. వేసే ఉంటారు, అమ్మే ఆయన తూకం తగ్గకుండా చూసుకుంటాడు కదా. ఎక్కించడానికి ముందు ఒక రోజు, చల్లటి కాలమైతే రెండు రోజులు చేప కడుపు ఖాళీగా ఉండాలి. కడుపు నిండా తిన్న చేప దారి పొడవునా రెట్ట వేస్తుంది, నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, పైగా అరిగించుకోవడానికి ఆక్సిజన్ ఎక్కువ లాగుతుంది. కాబట్టి కొనేటప్పుడే బేరం ఇలా ఆడండి: రెండు రోజుల ముందు మేత ఆపాలి, ముందు రోజు పొద్దున వల లాగి, పట్టిన చేపల్ని అదే చెరువులో కట్టిన హాపాలో, అంటే నీళ్లలో వేలాడే వల తొట్టిలో, ఉంచాలి. తూకం కొంత తగ్గుతుంది, దానికి పైన నాలుగు రూపాయలు ఇస్తానని చెప్పండి. చెరువు వాళ్లు దీన్ని కండిషనింగ్ అంటారు, చేపపిల్లలకు ఎలాగూ చేస్తారు, పెద్ద చేపకు ఎవరూ చేయరు. లాగుడు వలలో చేప బెదిరి కొట్టుకుని, బురద మింగి, బాగా అలిసిపోతుంది. ఆ అలసటలోనే డ్రమ్ములోకి తోస్తే ఆక్సిజన్ ఎంత ఉన్నా కోలుకోదు. హాపాలో ఒక పగలు, ఒక రాత్రి ఉంటే తేరుకుంటుంది. తేరుకోనిది అక్కడే చస్తుంది, అది మీ ఖాతాలో పడదు.

హాపాలో ఉన్నప్పుడే ఒక్కో చేపను చూసుకోండి. రెక్కల మొదట్లో, మొప్పల మూత అంచున, మసూరి పప్పంత చపటగా, అటూ ఇటూ పాకే పురుగు కనిపిస్తే అది చేప పేను. మన వైపు బొచ్చెలకూ రవ్వలకూ బాగా పడుతుంది. ఒక్కటి మీ కుంటలోకి వచ్చినా తర్వాత దాన్ని వదిలించుకోవడం పెద్ద తలనొప్పి. అలాంటి చెరువు చేప ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. కొర్రమట్ట ఒంటి మీద ఎర్రటి పుండు ఉంటే కూడా అంతే.

ఇప్పుడు మీ ఇరవై చేపలు మూడో రోజుకు ఎందుకు తేలాయో చెబుతాను. చచ్చినవాటిని దగ్గరగా చూశారో లేదో. చూసి ఉంటే వీపు రెక్క కింద రెండు మూడు పొలుసులు ఊడి, ఆ చోట తెల్లగా దూది అంటినట్టు కనిపించేది, మూతి మీద ఎర్రటి గీత ఉండేది. చేప ఒంటి మీది జిగురే దానికి రక్షణ. ముడుల వల గీరినా, పొడి చేతులతో పట్టినా, గోనెసంచిలో కుదించి డ్రమ్ములోకి ఒంపినా ఆ జిగురు పోతుంది. పోయిన చోట బూజు పడుతుంది. ఇంకొకటి, చేప రక్తంలో ఉప్పు ఎక్కువ, బయటి మంచినీళ్లలో తక్కువ. గాయాల గుండా, మొప్పల గుండా నీళ్లు లోపలికి చొరబడుతూ ఉంటాయి, ఒంట్లో ఉప్పు బయటికి పోతూ ఉంటుంది. బెదిరిన చేపలో ఇది మరీ ఎక్కువ. దారిలో ఈ నష్టం పైకి కనిపించదు, రెండు మూడు రోజులకు బయటపడుతుంది. అందుకే అందరూ దింపేటప్పుడు సంతోషపడి తర్వాత తల పట్టుకుంటారు.

దీనికి మందు మీ వంటింట్లోనే ఉంది. రవాణా నీళ్లలో లీటరుకు మూడు నుంచి ఐదు గ్రాముల దొడ్డుప్పు కలపండి. వెయ్యి లీటర్ల ట్యాంకుకు మూడు కిలోలు పోస్తే చాలు, ఐదు దాటొద్దు. చేపలు వేయకముందే పూర్తిగా కరిగించండి, గడ్డలు అడుగున ఉంటే అక్కడ వాలిన చేపకు మొప్పలు కాలతాయి. ముడుల్లేని మెత్తటి వల సంచి వాడండి, లేదంటే తడిపిన నూలు గుడ్డతో తలా తోకా రెండు చేతులతో పట్టి ఎత్తండి. తోక పట్టి వేలాడదీయొద్దు. చెరువు నుంచి ట్యాంకు దాకా మనుషులు వరసగా నిలబడి అందించుకుంటే ఒక్కో చేప గాలిలో ఉండేది పది సెకన్లే.

డ్రమ్ముల విషయంలో ఒక అనుమానం నన్ను వదలడం లేదు. మీ వైపు పత్తి ఎక్కువ కదా, ఆ డ్రమ్ముల్లో ఎప్పుడైనా పురుగు మందు కలిపారా? పత్తికి కొట్టే మందుల్లో కొన్ని మనిషికి పెద్దగా తెలియని మోతాదులోనే చేపను చంపుతాయి. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్‌లో ఎంతో కొంత మిగులుతుంది. ఎక్కడివో తెలియని నీలం డ్రమ్ములు, రసాయనాలు వచ్చిన డ్రమ్ములు ఊరికే ఇచ్చినా వద్దు. కొత్త వాటర్ ట్యాంకు కొనండి, మళ్లీ నీళ్లకే పనికొస్తుంది.

బండి లెక్క కూడా చూసుకోండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. టాటా ఏస్ దాన్ని మోయదు, బొలెరో పికప్ మోస్తుంది, కానీ ఆ పైన నలుగురు మనుషులు ఎక్కి కూర్చోవద్దు. బొచ్చెలకూ రవ్వలకూ ట్యాంకు దాదాపు నిండుగా ఉండాలి, సగం నీళ్లుంటే మలుపుల దగ్గర అలలు లేచి చేపల్ని గోడకు కొడతాయి. చేపలు ఎన్ని? అరవై వద్దు. ఆక్సిజన్ సిలిండర్ ఉంటే కిలో చేపకు కనీసం పదిహేను లీటర్ల నీళ్లు ఉండేలా చూసుకోమంటాను. వెయ్యి లీటర్లలో కిలోన్నరవి నలభై దర్జాగా వస్తాయి. పోయినసారి మీరు పదహారు లీటర్లకు ఒక కిలో చొప్పున, చిన్న ఎయిరేటర్లతో తెచ్చారు. ఆ ఎయిరేటర్ ఒక్క అరగంట ఆగినా మొత్తం పోయేది. 30 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే నిలుస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము మొత్తం వెతికితే ఒకటిన్నర గ్రాము. బెదిరిన పన్నెండు కిలోల చేపకు అది ఏ మూలకు? నీళ్లు 25 డిగ్రీలకు దిగితే ఆక్సిజన్ కాస్త ఎక్కువ నిలుస్తుంది, చేప వాడేది కూడా తగ్గుతుంది. అందుకని వాటర్ బాటిళ్లలో నీళ్లు గడ్డకట్టించి, మూతలు తీయకుండా ట్యాంకులో వేసుకోండి. ఐసు గడ్డలు నేరుగా పగలగొట్టి పోయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే చేపకు అదొక దెబ్బ. ఈ చల్లదనం కొర్రమట్టలకు అవసరం లేదు.

నీళ్లు ఎక్కడివి? చేపలు ఉన్న చెరువువే అయితే మేలు, బురద లేని చోట తోడండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు నేరుగా పట్టొద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది. తప్పదంటే ఒక రోజు ముందే పట్టి, మూత తీసి, ఎయిరేటర్ ఆడించి ఉంచండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ కూడా దాదాపు ఉండదు, వాటినీ ముందే గాలికి ఆడించాలి.

సిలిండర్‌ను నిలువుగా, కదలకుండా కట్టండి. రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు అంటిన చేతులు తగలనీయొద్దు, ఆ బండి మీద బీడీ వెలిగించే మనిషిని ఎక్కించుకోవద్దు. ఇది చేపల కోసం కాదు, మీ కోసం. పైపు చివర ఎయిర్ స్టోన్ పెడితే సన్నటి బుడగలు వస్తాయి. లావు బుడగలు నీళ్లలో కరగకుండానే పైకి పోతాయి, అది సిలిండర్ ఖాళీ చేసుకోవడమే. ఆక్సిజన్ ఉంది కదా అని ఎయిరేటర్ మానేయొద్దు. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేది ఆ మామూలు గాలే. దానికోసమే ట్యాంకు మూత కూడా కొంచెం తెరిచి ఉండాలి, పైన వల కట్టాలి.

హాలియాలో టీ తాగడం తప్పేం కాదు, ఐదు నిమిషాల్లో తాగి ట్యాంకులో టార్చి వేసి చూడండి. బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా, ఏదైనా పక్కకు ఒరుగుతోందా, నీటి మీద నురగ కడుతోందా? నురగంటే జిగురు ఊడుతోందని అర్థం. అలా ఉంటే ఆక్సిజన్ పెంచి, మీ వెంట తెచ్చుకున్న క్యాన్లలోని అదే చెరువు నీళ్లతో కొంత నీరు మార్చండి. దారి పక్క కాలువలో తోడి పోయొద్దు, ఎగువ పొలంలో ఏం మందు కొట్టారో మనకు తెలియదు. కొర్రమట్టలు పైకి వచ్చి గుటక వేస్తుంటే మాత్రం కంగారు పడకండి, అది వాటి ఊపిరి.

ఇప్పుడు అసలు పొరపాటు. ఐదింటికి కుంటలో వదిలారు. చల్లటి వేళ కదా అనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఏ కుంటలోనైనా ఆక్సిజన్ అడుగంటేది సరిగ్గా ఆ వేళకే. పగలు నాచు, పచ్చదనం ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా అవి కూడా వాడేస్తాయి. మీ కుంట నీళ్లు పచ్చగా ఉంటే ఇది మరీ ఎక్కువ. దారంతా ఎయిరేటర్ గాలితో వచ్చిన చేపను తీసుకెళ్లి ఊపిరాడని నీళ్లలో వేశారు. కాబట్టి తెల్లారి నాలుగున్నరకు ఎక్కించి, ఎనిమిదికల్లా కుంట దగ్గరకు చేరేలా చూసుకోండి. ఎండ పడి గంటన్నర దాటితే నీళ్లలో ఊపిరి వస్తుంది. ముందు రోజు రాత్రి కుంటలో బోరు నీళ్లను ఎత్తు నుంచి పడేలా వదిలితే ఇంకా మంచిది.

చేరగానే వదిలేయొద్దు. మందుల షాపులో జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, అక్వేరియం షాపులో దొరికేది తెచ్చుకోండి. ట్యాంకులో, కుంటలో అడుగు లోతున చూడండి. రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉంటే, ఎయిరేటర్ ఆడుతుండగానే బకెట్‌తో కుంట నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ అరగంట, ముప్పావుగంట తీసుకోండి. ఎప్పుడైనా ఆక్సిజన్ కవర్లలో చేపపిల్లలు తెచ్చుకుంటే మాత్రం పద్ధతి వేరు. కవర్ మూతి విప్పకుండానే పావుగంట, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. విప్పాక పది నిమిషాల్లో పని ముగించాలి. మూసిన కవర్‌లో కార్బన్ డయాక్సైడ్ వల్ల అమ్మోనియా విషం అణిగి ఉంటుంది. విప్పగానే ఆ వాయువు పోయి, అమ్మోనియా విషమెక్కుతుంది. జాగ్రత్త అనుకుని గంటసేపు కలుపుతూ కూర్చునేవాళ్లు తెలియక పిల్లల్ని చంపుకుంటున్నారు.

బొచ్చెల్ని, రవ్వల్ని వదిలే ముందు వంద లీటర్ల తొట్టిలో మూడు కిలోల ఉప్పు కరిగించి, ఒక్కో చేపను నిమిషం సేపు ముంచి తీయండి. ఈలోగా చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసేయాలి. తర్వాత గట్టు మీద నుంచి విసరకండి. సంచిని నీళ్లలోకి దించి మూతి తెరిస్తే అదే ఈదుకుంటూ పోతుంది. కదలకుండా నిలబడిపోయిన చేపను కడుపు కింద చెయ్యి పెట్టి తల ముందుకు ఉండేలా పట్టుకోండి, కాసేపటికి తోక ఆడిస్తుంది.

రెండు రోజులు మేత వేయొద్దు. పేడ, యూరియా లాంటివి అసలే వద్దు. పొద్దున్నే కుంట చుట్టూ తిరిగి తేలినవి తీసి దూరంగా పాతిపెట్టండి. గట్టు చుట్టూ మూడడుగుల ఎత్తున వల కట్టకపోతే తొలకరి వాన పడ్డ రాత్రి కొర్రమట్టలు గట్టు పాకి పోతాయి. అలుగు పారే చోట జాలీ పెట్టండి. కొర్రమట్టలు ఉన్న కుంటలో చేపపిల్లలు వేస్తే అవి వాటి మేతే, జానెడుకు పైన పెరిగినవే వేసుకోవాలి.

కాలం సంగతి కూడా చెప్పాలి. బొచ్చెలు, రవ్వలు కార్తీకం నుంచి మాఘం లోపల తెచ్చుకోండి. మే నెలలో వద్దు, వానాకాలం మొదట్లో కడుపుతో ఉన్న చేపను అసలే కదపొద్దు. నడి చలిలో కొర్రమట్టలకు పుండ్ల జబ్బు వచ్చే కాలం, కాబట్టి వాటిని శివరాత్రికి చలి శివశివా అని పోయాక తెచ్చుకుంటే మంచిది. రెండు రకాలనూ ఒకేసారి తేవాలని టెన్షన్ పడకండి.

మహసీర్ వద్దు. అది పారే నీటి చేప, రాళ్లూ, చల్లటి నీళ్లూ, నిండుగా ఆక్సిజనూ ఉన్న చోట బతుకుతుంది. నిలిచిన కుంటలో, మన ఎండలకు, ఎంత బాగా తెచ్చినా నిలవదు. పైగా సాగర్‌లో గానీ ఊరి చెరువులో గానీ చేప పట్టే హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది, మత్స్య సహకార సంఘాలది. మీరు మాత్రం సొంత చెరువు ఉన్న ఆయన దగ్గరే కొని, రసీదు బండిలో పెట్టుకోండి. త్వరగా పెరుగుతుంది, గాలానికి బాగా పడుతుందని ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగట్టబోతారు. దాని పెంపకం నిషేధం, కుంటలో మిగతా దేన్నీ బతకనివ్వదు. నీళ్ల పరీక్ష, జబ్బుల మీద అనుమానాలు ఉంటే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల కూడా ఉంది.

పిల్లలు ఎప్పుడు గాలం వేయాలని అడగలేదు గానీ, దించిన సాయంత్రమే వేస్తారని నాకు అనుమానం. మూడు వారాలు ఆపండి. ఆ తర్వాత రవ్వలకు తవుడు, పల్లి చెక్క ముద్ద, కొర్రమట్టలకు ఎర్రలు. పట్టి మళ్లీ వదిలేసేదైతే గాలం కొక్కెం ముల్లును పటకారుతో నొక్కేసి, చేయి తడుపుకుని విప్పమనండి.